మీట మీద వేలు

తప్పు నా ప్రోగ్రాములో లేదు, జనం వేళ్లలో ఉంది. ఇది తేలిపోయిన విషయం. తేల్చింది నేనే. మిగతావాళ్లు ఒప్పుకోకపోతే అది వాళ్ల ఖర్మ.

మేం తలుపు తాళాలు చేస్తాం. తాళంచెవి పెట్టి తిప్పేవి కావు, అంకెలు నొక్కితే తెరుచుకునేవి. సైకిళ్ల షాపు పైన రెండు గదులు మావి. ఒక గదిలో ఇద్దరు ఆడవాళ్లు బోర్డులకు సోల్డరింగ్ చేస్తారు. రెండో గదిలో నేను, నా బల్ల, తీగలో కరెంటు కదలికను తెర మీద గీతగా చూపే ఒక ఆసిలోస్కోపు, కింద నుంచి వచ్చే రబ్బరు వాసన. కంపెనీ నా బావమరిదిది, అంటే నా భార్య తమ్ముడిది. తాళాలు అమ్మడం అతని పని. అతను ఎవరికైనా ఏదైనా అమ్మగలడు, ఎందుకంటే అవతలివాళ్లు ఏమడిగినా "అవుతుంది సార్" అంటాడు. తర్వాత అది అయ్యేలా చూడటం నా పని.

ఏ మీట నొక్కారో తాళానికి తెలియజేయడం. నా ఉద్యోగం ఇంతే. చెప్పుకుంటే నవ్వుతారు. మా అత్తగారు బతికున్న రోజుల్లో ఆవిడా నవ్వింది. "స్విచ్చు వేస్తే లైటు వెలగదా నాయనా, దానికింత చదువెందుకు?" అంది. వివరంగా చెప్పాను. అంతా విని, "అదే, స్విచ్చు వేస్తే లైటు వెలుగుతుంది" అంది. ఇక్కడ ఒక్కసారి చెబుతాను. మళ్లీ చెప్పను.

తాళం మీద పన్నెండు మీటలుంటాయి. లోపల చిన్న చిప్పు ఉంటుంది. ఒక్కో మీటకూ ఒక తీగ ఇచ్చే స్తోమత దానికి లేదు. అందుకని మీటలను వరసల్లో కూర్చోబెడతాం. చిప్పు వరసల్ని ఒక్కొక్కటిగా పిలుస్తుంది. ఆ వరసలో ఏ మీటయినా నొక్కి ఉంటే అది పలుకుతుంది. మా ఊరి బడిలో హాజరు వేసినట్టే. మా బడిది ఒకే గది, ఐదు తరగతులు, ఒక మాస్టారు. ఆయనా వరస ప్రకారమే పిలిచేవాడు. తేడా ఏమిటంటే చిప్పు సెకనుకు కొన్ని వందల సార్లు పిలుస్తుంది. దాని చేతిలో బెత్తం ఉండదు.

హాజరు తేలిక. చిక్కు వేరే చోట ఉంది. మీట నొక్కగానే లోపల రెండు రేకులు కలుస్తాయి. కలిసి ఊరుకోవు. నేల మీద పడిన బంతిలా ఎగిరి పడి, మళ్లీ ఎగిరి పడి, అప్పుడు కుదురుకుంటాయి. మన కంటికి అది ఆనదు, చిప్పుకు ఆనుతుంది. మనం నాలుగు అంకెను ఒక్కసారి నొక్కితే అది నాలుగు, నాలుగు, నాలుగు అని లెక్క వేస్తుంది. కనుక ప్రోగ్రాము తొందరపడకూడదు. కాసేపు ఆగి మళ్లీ చూడాలి. వేలు ఇంకా మీట మీదే ఉంటే అప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. మా పనిలో దీన్ని డీబౌన్స్ అంటారు. ఎంతసేపు ఆగాలన్నది ఒక సంఖ్య. అది మరీ చిన్నదైతే ఒక నొక్కు రెండవుతుంది. పెద్దదైతే తాకీ తాకనట్టు నొక్కేవాడి నొక్కు లెక్కకే రాదు.

నా ప్రోగ్రాములో ఆ సంఖ్య నూట యాభై మిల్లీసెకన్లు. ఒక రెప్పపాటు అనుకోండి. అది పుస్తకంలోంచి తీసింది కాదు. నా భార్య వేలి నుంచి కొలిచింది.

మొదటి తాళం మా వంటింటి బల్ల మీద తయారైంది. పరీక్షించడానికి ఒక మామూలు వేలు కావాల్సి వచ్చింది. నా వేలికి లోపల ఏముందో తెలుసు, అది పనికిరాదు. ఆవిడను పిలిచాను. చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. నాలుగు నొక్కమన్నాను. తెర మీద నలభై నాలుగు వచ్చింది.

"ఒకసారి నొక్కమంటే రెండుసార్లు ఎందుకు నొక్కావు?"

"ఒకసారే నొక్కానండీ."

"అంటే మిషను అబద్ధం చెబుతోందా?"

"మరి నేను చెబుతున్నానా?"

మళ్లీ నొక్కించాను. నాలుగు వందల నలభై నాలుగు వచ్చింది. ఈసారి కొంచెం గట్టిగా చెప్పాను. గట్టిగా అంటే పక్కింటివాళ్లు రేడియో తగ్గించి వినేంత. తర్వాత స్కోపు తగిలించి చూస్తే ఎగురుతున్నది రేకులని తెలిసింది. తెలిసింది, మంచిదే. అందులో మళ్లీ మాట్లాడటానికేముంది? ప్రోగ్రాముకు ఆగడం నేర్పి, ఆవిడను మళ్లీ పిలిచి కూర్చోబెట్టి, వెనకాల నిలబడి, నొక్కమన్నాను. ఈసారి చక్కగా నొక్కింది. పండు మగ్గిందో లేదో చూసినట్టు వేలు ఆనించి, ఆగి, మెల్లగా తీసింది. అన్ని మీటలూ అలాగే. ఒక్క తప్పు లేదు. వేలంటే అలా ఉండాలి అనుకున్నాను. ఆ నిదానాన్ని కొలిచి, కాస్త తగ్గించి, నూట యాభై పెట్టాను.

ఆ తర్వాత ఆవిడ జబ్బు పడి పోయింది. పోయినవాళ్లందరూ మంచివాళ్లే అంటారు లోకులు. ఆవిడ ఉన్నప్పుడే మంచిది. ఆ మాట చెప్పాల్సిన అవసరం రాలేదు. చీరల పెట్టె పుట్టింటివాళ్లు పట్టుకుపోయారు. ఉన్న ఒక్క మంచి ఫొటోలో కళ్లు మూసుకుని ఉంది. నాకు మిగిలింది ఆ సంఖ్య. ప్రోగ్రాములో దాని పక్కన "ముట్టుకోవద్దు" అని రాసి పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు, మా కోడలు ఉద్యోగంలో చేరేదాకా.

కోడలంటే బావమరిది కూతురు. మాకు పిల్లలు లేరు. ఆ పిల్ల ఈ విద్యే చదువుకుని వచ్చింది. నోరు వాళ్ల నాన్నది. కళ్లు ఎవరివో తెలియదు, దేన్నీ వదలవు. వచ్చిన మొదటి వారమే నా ప్రోగ్రాము మొదటి నుంచి చివరిదాకా చదివేసింది.

"మామయ్యా, ఈ నూట యాభై ఏంటి?"

"అది మీ అత్త."

"అర్థం కాలేదు."

చెప్పాను. విని, కాసేపు గోళ్లు చూసుకుంది.

"నాకూ అత్తంటే ఇష్టమే మామయ్యా. కానీ ఇరవై చాలు. రేకులు పది లోపే కుదురుకుంటున్నాయి. స్కోపు పెట్టి చూశాను."

"నువ్వు రేకుల్ని చూశావు. నేను మనిషిని చూశాను."

"మనుషులిప్పుడు టకటకా కొడతారు."

"కొట్టేవాళ్లకు తలుపు తెరవక్కర్లేదు."

"తాళం పని తలుపు తెరవడమే కదా?"

"తాళం పని తలుపు మూసి ఉంచడం."

పక్క గదిలో ఆడవాళ్లిద్దరూ కిసుక్కున నవ్వారు. వాళ్లు ఎవరి పక్షమో ఇప్పటికీ తెలియదు. ఎవరు మాట్లాడినా నవ్వుతారు.

తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. అంతకు ముందూ ఉండేవి కానీ బావమరిది నా దాకా రానిచ్చేవాడు కాదు. "అవుతుంది సార్" అని ఫోను పెట్టేసేవాడు. కోడలు ఆ ఫోన్లు తను ఎత్తడం మొదలుపెట్టింది. ప్రతి ఫిర్యాదూ నా బల్ల మీదికి తెచ్చి పడేసేది.

మొదటివాడు పళ్ల డాక్టరు. పేషెంటు దవడకు మత్తు ఇచ్చి, పక్క గదిలోంచి పనిముట్లు తెచ్చుకుందామని వెళ్తే తలుపు తెరుచుకోలేదట. నొక్కీ నొక్కీ విసిగిపోయాడట. ఈలోగా మత్తు దిగిపోతే మళ్లీ ఇవ్వాల్సి వచ్చిందట. నేనే వెళ్లాను. కుర్చీలో ఆ పేషెంటు ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు.

"నొక్కండి" అని డాక్టరు వెనకాల నిలబడ్డాను.

నొక్కాడు. తెరుచుకుంది.

"ఇందాక తెరుచుకోలేదండీ!"

"మళ్లీ నొక్కండి."

మళ్లీ తెరుచుకుంది.

"ఒట్టు సార్, మీరు రాకముందు..."

"మీ గుమ్మంలోకి రాగానే పన్ను నొప్పి పోయిందనేవాళ్లు మీకు తగల్లేదా?"

"తగిలారు."

"నమ్మారా?"

డాక్టరు చేతి తొడుగులు సర్దుకున్నాడు. కుర్చీలో మనిషి మాత్రం గట్టిగా తల ఊపాడు. అతను అలాంటివాడే అయ్యుంటాడు.

తర్వాత బ్యూటీ పార్లరు. యజమానురాలు ముఖానికి ఆకుపచ్చ లేపనం పూసుకుని తలుపు బయట నిలబడిపోయిందట. నేను వెళ్లి నిలబడ్డాను, తెరుచుకుంది. తర్వాత వయొలిన్ నేర్పే మాస్టారు. ఆయన వేళ్లు మరీ చురుకైనవని కోడలు ముందే నన్ను హెచ్చరించింది. నేను వెళ్లాను, తెరుచుకుంది. ఎక్కడికి వెళ్లినా ఇదే తంతు. నేను నిలబడితే తాళం బాగానే ఉంటుంది, నేను మెట్లు దిగగానే ఫోను మోగుతుంది. లోకంలో అబద్ధాలకోరులు ఎక్కువని నాకు ముందే తెలుసు. ఇంత దగ్గరగా, ఇంతమందిని చూడటం అదే మొదలు.

జాగ్రత్త కోసం తాళం మీద అంటించడానికి ఒక స్టిక్కరు కూడా చేయించాను. "మెల్లగా నొక్కండి. ఆగండి. తీయండి." దాన్ని ఎవరూ చదవలేదు. చదవాలంటే ఒక చోట ఆగాలి కదా.

బావమరిది ఒక రోజు నా గదికి వచ్చి స్టూలు లాక్కున్నాడు.

"బావా, ఒక ఉపాయం తట్టింది. ఇకనుంచి తాళంతో పాటు నిన్ను కూడా ఇచ్చేద్దాం. గుమ్మం పక్కన మేకు కొట్టి తగిలిస్తాం."

"మేకు నీ పొట్ట మోస్తుందేమో చూసుకో, నేను తేలికే."

"అది కాదు బావా. హోటలు ఆర్డరు వచ్చేలా ఉంది. మూడు అంతస్తులు, ప్రతి గదికీ తాళం. మేనేజరమ్మ ముందు శాంపిలు చూపించమంది."

"చూపించు."

"ఆ నంబరు కొంచెం తగ్గించు. ఈ ఒక్కసారి నా మాట విను."

"విన్నాను."

"మరి?"

"వినడం వరకే."

"ఈ ఆర్డరు పోతే మనమంతా కిందికెళ్లి సైకిళ్లకు గాలి కొట్టుకోవాలి."

"కొట్టు. ఒళ్లు తగ్గుతుంది."

"మా అక్క ఉంటే నీకు నచ్చజెప్పేది."

"మీ అక్క ఉంటే ఆవిడ వేలే ఉండేది. నంబరు కోసం నేను కొట్లాడేవాణ్ని కాదు."

అతను సమోసా కోసం చూసినట్టు నా బల్ల సొరుగు వైపు చూశాడు. ఏమీ దొరకని మనిషి అలా చూస్తాడు. గుమ్మంలో నిలబడ్డ కోడలే మాట అందుకుంది.

"మామయ్యా, పందెం వేద్దాం. హోటల్లో ఒక గదికి మీ తాళం ఉన్నది ఉన్నట్టే పెడదాం. ఒక పగలంతా చూద్దాం. అందరికీ తెరుచుకుంటే ఆ నూట యాభై జోలికి నేను జన్మలో రాను, ఎవర్నీ రానివ్వను."

"తెరుచుకోకపోతే?"

"మీరే మార్చాలి. మీ చేత్తో. నేను ముట్టుకోను."

ఒప్పుకున్నాను. పళ్ల డాక్టరు మొదలు వయొలిన్ మాస్టారు దాకా ఇంతమంది సాక్షులుండగా భయమెందుకు? బావమరిది మాత్రం నుదురు తుడుచుకున్నాడు. పందెంలో ఇద్దరిలో ఎవరు గెలిచినా ఇంట్లో తనకే తంటా అని అతనికి తెలుసు.

హోటల్లో రెండో అంతస్తు, వసారా చివర గది ఇచ్చారు. తివాచీ మీద సిగరెట్టు కాలిన మచ్చ, స్తంభం, దాని పక్కన దుమ్ము పట్టిన ప్లాస్టిక్ మొక్క. తాళం బిగించి, ఒక కుర్చీ తెప్పించుకుని, తలుపుకు ఎదురుగా కూర్చున్నాను. గదిలో దిగినాయన దుప్పట్లు అమ్మే ఏజెంటు. సంచులు మోస్తూ వచ్చాడు, నొక్కాడు, తెరుచుకుంది. బకెట్టుతో తుడిచే ఆవిడ వచ్చింది, నొక్కింది, తెరుచుకుంది. ఏజెంటు బయటికి వెళ్లి వచ్చాడు. తెరుచుకుంది. మేనేజరమ్మ కళ్లజోడు సర్దుకుంటూ తనే స్వయంగా వచ్చి నొక్కింది. తెరుచుకుంది.

"బాగుందండీ మీ తాళం. మర్యాదగా ఉంది."

మర్యాద అన్న మాట నాకు నచ్చింది. కోడలి వైపు చూశాను, విన్నావా అన్నట్టు. ఆ పిల్ల తాళాన్ని చూడటం లేదు. నన్ను చూస్తోంది. పొద్దున్నుంచీ నన్నే చూస్తోందని అప్పుడు తట్టింది.

"మామయ్యా, కిందికెళ్లి టీ తాగి రండి."

"నాకొద్దు."

"పొద్దున్నుంచీ గుడ్లగూబలా ఒకే చోట కూర్చున్నారు. కాళ్లు పట్టేస్తాయి."

కాళ్లు అప్పటికే పట్టేశాయి. వెళ్లాను. టీ బాగాలేదు. బాగాలేదని చెప్పడానికి కాస్త ఆలస్యమైంది. పైకి వచ్చేసరికి వసారాలో గోల.

దుప్పట్ల ఏజెంటు స్నానం మధ్యలో ఉన్నాడు. వేడినీళ్లు ఆగిపోయాయి. ఎవరినైనా కేకేద్దామని తువ్వాలు చుట్టుకుని ఒక్క అడుగు బయటికి వేశాడు. వెనకాల తలుపు మూసుకుపోయింది. ఇప్పుడు తల నిండా నురగతో, ఒక చేత్తో తువ్వాలు పట్టుకుని, రెండో చేత్తో తాళాన్ని బాదుతున్నాడు. నాలుగు అంకెలూ ఒక్క ఊపిరిలో. తాళం పలకడం లేదు. నీళ్లు కారి తివాచీ తడిసిపోయింది. మేనేజరమ్మ చేతులు కట్టుకుని చూస్తోంది. కోడలు పక్కనే ఉంది, సాయం చేయడం లేదు.

"ఏంటండీ ఆ బాదుడు?" అన్నాను. "అది మీట. మద్దెల కాదు."

ఆయన తిరిగి చూశాడు. నన్ను చూసి నిటారుగా నిలబడ్డాడు. తువ్వాలు బిగించాడు. వేలు తుడుచుకుని, ఒక్కో అంకె మెల్లగా నొక్కాడు. క్లిక్కుమని తెరుచుకుంది.

"చూశారా" అన్నాను అందరితోనూ. "ఓపిక ఉంటే తెరుచుకుంటుంది."

"ఒక్క నిమిషం" అంది కోడలు, తలుపు లాగి మళ్లీ మూసేస్తూ. "సార్, లోపలికి వెళ్లకండి."

"అమ్మా, కళ్లలో సబ్బు పోతోంది!"

"ఒక్క నిమిషమే సార్. మామయ్యా, మీరు ఆ స్తంభం వెనక్కి వెళ్లండి."

"ఎందుకు?"

"వెళ్లండి. పందెం."

వెళ్లాను. మొక్క ఆకు చెవిలో గుచ్చుకుంది. అవతల టకటకామని చప్పుడు. "తెరుచుకోలేదు" అంది కోడలు. "ఇప్పుడు బయటికి రండి." వచ్చాను. ఏజెంటు మళ్లీ మెల్లగా నొక్కాడు. తెరుచుకుంది. "మళ్లీ వెళ్లండి." వెళ్లాను. తెరుచుకోలేదు. "రండి." వచ్చాను. తెరుచుకుంది. నన్ను స్విచ్చు కింద వాడింది ఆ పిల్ల. చదువు చెప్పిస్తే ఇలాగే ఉంటుంది.

ఏజెంటుకు ఇదంతా సరదాగా తోచింది. సబ్బు సంగతి మరిచిపోయి, "మేడమ్, మీరూ చేసి చూడండి, భలేగా ఉంది" అన్నాడు. మేనేజరమ్మ చేసి చూసింది. నేను స్తంభం వెనక ఉన్నంతసేపూ ఆవిడ వేళ్లు పరిగెత్తాయి, తాళం మూగగా ఉంది. నేను తల బయటపెట్టగానే వేలు నిదానించింది, తాళం పలికింది. ఆవిడ తన వేలినే వింతగా చూసుకుంది.

"ఏమీ అనుకోకండి" అంది నాతో. "చిన్నప్పుడు మాకు ఎక్కాలు అప్పజెప్పించుకునే మాస్టారు ఒకాయన ఉండేవారు. వెనకాల వచ్చి నిలబడేవారు. ఏమీ అనేవారు కాదు. అయినా చెయ్యి దానంతట అదే మెల్లబడేది, ఎక్కడ తప్పు పోతుందోనని. మీరు కనబడితే అచ్చం అలాగే ఉందండీ."

"నాకైతే మా మామగారు గుర్తొచ్చారు" అన్నాడు ఏజెంటు.

కోడలు నవ్వలేదు. గెలిచినవాళ్లు నవ్వాలి. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"మామయ్యా, అత్త నొక్కినప్పుడు మీరెక్కడున్నారు?"

"వంటింట్లో."

"వంటింట్లో ఎక్కడ?"

"వెనకాల."

"ఎంత వెనకాల?"

అనవసరపు ప్రశ్న.

అప్పుడే బావమరిది రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. జరిగిందంతా కోడలు రెండు ముక్కల్లో చెప్పింది. అతను సగమే విన్నాడు.

"అక్క మెల్లగా నొక్కిందా? మా అక్కా?" పొట్ట పట్టుకుని నవ్వాడు. "బావా, పెళ్లికి ముందు అక్క టైపు నేర్చుకునేది. మిషను విరిగిపోతుంది తల్లీ అని ఆ టైపు మాస్టారు చేతులు జోడించేవాడు. అక్క కొడుతుంటే వీధిలో ఆడవాళ్లు ఆరేసిన బట్టలు తీసుకోవడానికి బయటికి పరిగెత్తేవాళ్లు, వాన మొదలైందనుకుని!"

ఆవిడకు టైపు వచ్చని నాకు తెలుసు. సర్టిఫికెట్టు చూశాను. చప్పుడు ఎప్పుడూ వినలేదు. మా ఇంట్లో టైపు మిషను లేదు.

"ఫోనులోనూ అంతే" అంది కోడలు. "నేను ఒక మెసేజి పంపేలోపు అత్త పది పంపేది."

"నాకు ఎప్పుడూ ఒక్కటీ పంపలేదు."

"మీరు తప్పులు దిద్దుతారని."

"అయ్యో" అన్నాడు దుప్పట్ల ఏజెంటు.

"మీరు వెళ్లి తల కడుక్కోండి" అన్నాను. సంబంధం లేని మనిషి. తలుపు తెరిచే ఉంది, వెళ్లాడు. బావమరిది నవ్వు ఆపేశాడు. అతనికి నవ్వు ఆపడం వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. మేనేజరమ్మ మొక్క మీది దుమ్ము చూసి, ఎవరినో కేకేస్తూ అటు వెళ్లిపోయింది.

"పందెం పందెమే" అన్నాను. మెట్లు దిగి ఇంటికి వెళ్లాను. దారిలో ఎవరితోనూ మాట్లాడలేదు. మామూలుగానే మాట్లాడను.

మర్నాడు అందరికంటే ముందే వచ్చి, ఒక తాళం విప్పి బల్ల మీద పెట్టాను. స్కోపు తీగలు తగిలించాను. నొక్కిన ప్రతి నొక్కూ తెర మీద నిలిచిపోయేలా సర్దాను. కోడలు వచ్చింది. టిఫిను డబ్బా పెట్టనివ్వకుండానే కూర్చోమన్నాను.

"మార్చారా మామయ్యా?"

"ఇరవై అని నువ్వన్నావు. నీ మాట మీద నేను మార్చను. కొలిచి మారుస్తాను. మీ అత్త ఎలా కొట్టేదో గుర్తుందా?"

"ఉంది."

"అలా కొట్టు."

వేళ్లు మీటల మీద పెట్టింది. పెట్టి ఊరుకుంది.

"ఏమైంది?"

"మీరు నా వెనకాల ఉన్నారు."

పక్కకు జరిగాను.

"ఇంకా ఉన్నారు."

గది బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేసి మెట్ల మీద కూర్చున్నాను. కింద సైకిలు షాపువాడు పైకి చూసి, "ఏం పెద్దాయనా, మీ తాళం మిమ్మల్నే బయట పెట్టిందా?" అన్నాడు. వాడి పని వాణ్ని చూసుకోమన్నాను. అప్పుడు తలుపు అవతల మొదలైంది. వాన లాగా ఏమీ లేదు. బావమరిది అమ్ముకునేవాడు, దేన్నయినా పెంచి చెబుతాడు. వడివడిగా, ఎక్కడా తడబడకుండా, మధ్యలో కొంచెం అల్లరిగా కూడా ఉంది. రేకుల మీద వేళ్లు ఇంత తేలిగ్గా పడొచ్చని నేను అనుకోలేదు. సైకిలు షాపువాడు కూడా సుత్తి ఆపి విన్నాడు.

చప్పుడు ఆగాక కూడా కాసేపు కూర్చున్నాను. మెట్లు చల్లగా ఉన్నాయి.

లోపలికి వెళ్లి తెర చూశాను. వేలు ఎంతసేపు ఆనింది, రేకులు ఎప్పుడు కుదురుకున్నాయి, అన్నీ రెండుసార్లు కొలిచాను. నూట యాభై ఆ వేళ్లను ఒక్కసారి కూడా పట్టుకోలేకపోయింది. ప్రోగ్రాము తెరిచి ఆ సంఖ్య కొట్టేసి, ఇరవై ఐదు పెట్టాను.

"ఇరవై కదా మామయ్యా?"

"ప్రోగ్రాము నాది."

హోటలువాళ్లు మూడు అంతస్తులకూ తీసుకున్నారు. పళ్ల డాక్టరు ఫోన్ చేసి, మీరు లేకపోయినా తాళం తెరుచుకుంటోందండీ అని చెప్పాడు. చెప్పాల్సిన విషయమే కాదు అది, పెట్టేశాను. బావమరిది ఈ కథను తువ్వాలుతో సహా కొత్త బేరాల దగ్గర చెప్పుకుని నవ్వించడం మొదలుపెట్టాడు. ఒకసారి నా చెవిన పడింది. అతని ముందు నిలబడి చూశాను, అంతే. అప్పటినుంచి చెప్పడం లేదు. చూపు అందుకు పనికొస్తుంది.

కోడలు మాత్రం ఒక రోజు బోర్డు సర్దుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"అత్త మీరంటే భయపడేదా మామయ్యా?"

అది చెప్పగలిగిన మనిషి ఒక్కతే. ఆవిడ లేదు. నాకు తెలిసేదే అయితే కొలిచేటప్పుడే తెలిసేది. బోర్డు తలకిందులుగా పట్టుకున్నావు, సరిగ్గా పట్టుకో అన్నాను. పట్టుకుంది.

ఈ సంగతి ఇంతటితో సరి. ఇక నా నోట రాదు. నా ముందు ఎవరు ఎత్తినా లేచి వెళ్లిపోతాను.